కలుపుకు భయపడి వాకిలిని సిమెంటుతో కప్పేయాలా?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఈ మధ్యకాలంలో కట్టిన ఏ ఇంటి ముందు నిలబడి చూసినా గేటు నుంచి గుమ్మం దాకా సిమెంటే కనిపిస్తుంది. సరిహద్దుకు ఆవల, ఆంధ్రలోని పాతపట్నంలోనూ ఇదే వరస. ఇంత సిమెంటు ఎందుకు పోయించారని అడిగితే కారు బరువు కోసమని చెప్పేవారు తక్కువ. కలుపు పీకలేక పోయించామని చెప్పేవారే ఎక్కువ. మొక్క మొలవకూడదంటే మట్టి కనపడకూడదన్నది అందరి నమ్మకం. పార్కింగ్ జాగాకు గట్టి నేల కావాలన్న దానితో నాకు పేచీ లేదు. కలుపును ఆపడానికి జాగా మొత్తాన్ని కాంక్రీటుతో మూసేయడం అవసరానికి మించిన పని అనీ, అంత చేసినా కలుపు పూర్తిగా ఆగదనీ మాత్రం నా వాదన. పైన ఏం పరిచామన్న దానికంటే పరిచే ముందు కింద ఏం చేశాం, నీరు ఎటు పోతుంది, పైన చేరే దుమ్మును ఎవరు ఊడుస్తారు అన్న మూడు ప్రశ్నలే కలుపు సంగతిని తేలుస్తాయి.

మా చిన్నతనంలో వాకిళ్ళన్నీ మట్టివే. వాటిలో కలుపు ఉండేది కాదు. ఎవరో మందు కొట్టినందువల్ల కాదు. తెల్లవారేసరికి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసేవారు, ఆపైన రోజంతా మనుషులు, పశువులు, సైకిళ్ళు తిరిగేవి. మొలక రెండాకులు వేసేలోగానే చీపురు పుల్లకో కాలి కిందో నలిగిపోయేది. తొక్కుడుకు గట్టిపడిన నేలలో గాలి చొరబాటు తగ్గి గింజ మొలవడమే కష్టమవుతుంది. ఆ వాకిలిలో కారు పెట్టడం మొదలుపెట్టాక నడక తగ్గింది. కారు కింద నీడ, తేమ నిలిచాయి. చీపురు అక్కడికి అందదు. ప్రహరీ పక్కన మిగిలిన మూరెడు జాగాలోకి మనిషి వెళ్ళడమే మానేశాడు. అందుకే ఇప్పుడు చక్రాలు తిరిగే రెండు చారలు నున్నగా ఉండి, మధ్యనా అంచుల్లోనా మాత్రమే గడ్డి లేస్తుంది. ఏ ఇంటి పార్కింగ్‌లోనైనా ఈ చిత్రం చూడవచ్చు. అంటే మనం తేల్చుకోవలసింది ఆ మధ్యభాగాన్నీ అంచులనూ ఏం చేయాలన్నదే తప్ప మొత్తం నేల సంగతి కాదు.

కలుపంతా ఒక జాతి కాదు కనుక ఒకే మందూ లేదు. గడ్డిచామంతి, కుప్పింటాకు, నేలఉసిరి, తుమ్మి వంటివి గింజ మీదనే బతుకుతాయి. పూత రాకముందు పీకేస్తే వాటి వంశం అక్కడికి ఆగుతుంది; ఒకటి రెండు వానాకాలాలు శ్రద్ధ పెడితే చాలావరకు సన్నగిల్లుతాయి. గరిక, తుంగ అలా కాదు. కలుపు మొక్కల శాస్త్రజ్ఞులు ప్రపంచంలోకెల్లా మొండి కలుపు మొక్కల వరుస రాసినప్పుడు మొదటి స్థానం తుంగకూ రెండో స్థానం గరికకూ ఇచ్చారు. రెండూ మన వాకిళ్ళలో ఉన్నవే. తుంగను ఎంత పీకినా చేతికి వచ్చేది పైనున్న ఆకూ కాస్త వేరూ మాత్రమే. కింద సన్నని దారాల వంటి కాండాలతో ఒకదానికొకటి ముడిపడిన దుంపలు ఉంటాయి. పచారీ కొట్టులో తుంగముస్తలని అమ్మేవి అవే. ఒక దుంపను తీస్తే పక్క దుంప నిద్ర లేస్తుంది. దాని మొలక మొన ఎంత పదునైనదంటే పొలంలో పరిచే ప్లాస్టిక్ షీటునే కాదు, పలుచని తారు పొరను కూడా చీల్చుకుని పైకి వస్తుంది. తుంగ ఉన్న నేలను తవ్వకుండా దాని మీద ఏ పొర వేసినా, ఆ పొర బలహీనంగా ఉన్న చోటును అది వెతుక్కుంటుంది.

అయితే ఈ దుంపకూ ఒక బలహీనత ఉంది: ఎండకు తట్టుకోలేదు. మట్టిలోంచి బయటపడి వాడిపోతే చచ్చిపోతుంది. రైతులు వేసవి దుక్కి దున్నేది ఇందుకు కూడా. వంశధార ఒడ్డున పొలాలున్న వారికి నేను ఈ మాట చెప్పనక్కర్లేదు. కాని అదే రైతు ఊళ్ళో ఇల్లు కట్టుకున్నప్పుడు వాకిలి విషయంలో ఈ తెలివిని పక్కన పెట్టి, గడ్డి మీదే నాలుగు తట్టల ఇసుక పోసి సిమెంటు కలపమంటాడు. దుంపల్లో అత్యధిక భాగం పైనున్న అరడుగు మట్టిలోనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ మేరకు తవ్వి, మట్టిని జల్లించి, దుంపలు ఏరి, మిగిలినదాన్ని ఎండలో తిరగేస్తూ ఉంటే సగం యుద్ధం అక్కడే ముగుస్తుంది. తవ్విన గుంతను ఒకసారి నీటితో తడిపి వదిలేయడం ఇంకా మంచిది. మిగిలిన గింజలూ దుంపలూ మొలకెత్తుతాయి. వాటిని కూడా గీకేసి అప్పుడు పని మొదలుపెట్టాలి. ఈ రెండు వారాల ఓపిక చాలామందికి ఉండదు. మేస్త్రీ దొరకడమే గగనమైన రోజుల్లో అతను వచ్చిన నాడే పని కావాలనుకోవడాన్ని నేను తప్పు పట్టలేను కాని, తవ్వకానికి మేస్త్రీతో పని లేదు, పారా గునపం ఉంటే చాలు.

వయ్యారిభామ సంగతి వేరు. కాంగ్రెసు గడ్డి అని కూడా పిలిచే ఈ మొక్క 1950ల మధ్యలో పుణె దగ్గర కంటబడి, తర్వాత దేశమంతా పాకింది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. తాకితే కొందరికి ఒళ్ళు దద్దుర్లెక్కుతుంది, పుప్పొడి పీలిస్తే ఉబ్బసం రేగుతుంది. దీన్ని చేతికి తొడుగు వేసుకుని పూతకు ముందే పీకాలి. గమనించవలసిందేమిటంటే, ఇది ముందుగా ఆక్రమించేది ఖాళీగా చెక్కి వదిలేసిన నేలనే. వేరే మొక్కలు దట్టంగా ఉన్న చోట దీని జోరు తగ్గుతుంది. తగిరిసను చల్లి దీన్ని అణచమని వ్యవసాయ శాస్త్రవేత్తలు సలహా ఇస్తారు. మన చుట్టుపక్కల ఒడియా ఇళ్ళలో చకుండా అని కూర వండుకునేది ఆ తగిరిస ఆకునే. కాబట్టి పార్కింగ్ జాగాను ఏడాదికి ఒకసారి పారతో చెక్కించి నున్నగా వదిలేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. అది వయ్యారిభామకు పీట వేసి పిలవడమే.

ఇక కాంక్రీటు పక్షాన ఉన్న మాటలు వినాలి, అవి తేలికైనవి కావు. మా ఎదురింటి పిన్నిగారు తన వాకిలిని మొత్తం మూయించినప్పుడు నేను ఈ వాదనంతా వినిపించబోతే, "పాము కనిపించాలంటే నేల తెల్లగా ఉండాలి నాయనా, నీ భూగర్భ జలం తర్వాత సంగతి" అన్నారు. గడ్డి మోకాలెత్తు పెరిగిన చోట చీకట్లో కారు దిగడమంటే భయమే. చింతపండూ, వడియాలూ, మిరపకాయలూ ఎండబెట్టుకోవడానికి గచ్చు పనికొస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న వారికి ఎగుడుదిగుడు లేని నేల కావాలి. వీటిలో ఏ ఒక్కటీ కొట్టిపారేయదగినది కాదు. అయితే వీటికి కావలసింది గుమ్మం ముందు కొంత గచ్చూ, గేటు నుంచి గుమ్మానికి ఒక నడక బాటా. మిగిలిన జాగాలో గడ్డి మోకాలెత్తు పెరగకుండా చూసుకుంటే పాముకు చాటు ఉండదు.

లెక్క వేసి చూద్దాం. ఒక కారు నిలిపే జాగా మూడు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు అనుకుంటే 18 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల మందాన మామూలు ఎం20 రకం కాంక్రీటు వేస్తే 1.8 ఘనపు మీటర్లు అవుతుంది. ఘనపు మీటరుకు సుమారు ఎనిమిది బస్తాల చొప్పున పద్నాలుగు బస్తాల పైచిలుకు సిమెంటు. ఇప్పుడు నీటి లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా గజపతి జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 1,400 మిల్లీమీటర్లు. అంటే ఆ కాస్త జాగా మీద ఏడాదికి 25,000 లీటర్లు పడుతుంది. నేల తెరిచి ఉంటే అందులో చెప్పుకోదగిన భాగం లోపలికి ఇంకి పెరటి బావికో బోరుకో చేరుతుంది. మూసేస్తే దాదాపు అంతా వీధిలోకి పోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మా జిల్లాను ఎలా ముంచిందో ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. ఒక్కరోజులో 200 మిల్లీమీటర్ల వాన పడితే ఒక్క పార్కింగ్ గచ్చు నుంచే 3,600 లీటర్లు బయటికి వస్తాయి. వీధిలో ముప్పై ఇళ్ళుంటే ఎంత అవుతుందో ఎవరికి వారు గుణించుకోవచ్చు. పైగా వీధిలో కొత్త సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేయడంతో ఇళ్ళు పల్లమైపోతున్నాయి. ఆ నీరు వీధిలోకి పోవడం మాని పక్కింటి వాకిలిలోకి పోవడం మొదలవుతుంది. మా వీధిలో తగవుల్లో సగం వాన నీటివే.

ఇంత చేసినా కలుపు ఆగుతుందా? గచ్చుకూ ప్రహరీ గోడకూ మధ్యనున్న సందు చూడండి. ఏడాది తిరిగేసరికి అక్కడ ఉత్తరేణి, రెండేళ్ళకు ఒక రావి మొక్క. పక్షి రెట్టతో పడిన రావి గింజకు పిడికెడు దుమ్ము చాలు, దాని వేరు గోడనే చీల్చగలదు. కాంక్రీటు ఎండి గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది కనుక పది సెంటీమీటర్ల మందపు గచ్చుకు రెండున్నర, మూడు మీటర్లకొక చోట గాడి తీయాలి. తీయకపోతే అది తనకు నచ్చిన చోట పగులుతుంది. "గాళ్ళు పెడితే నేల ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది మాస్టారూ" అని మా వైపు మేస్త్రీలు వద్దంటారు. ఇంటివారికీ అందమే కావాలి. తర్వాత వంకరటింకరగా వచ్చే పగులులో గరిక దిగుతుంది, గరిక కణుపు కణుపుకూ వేరు వేస్తుంది, పగులులోంచి దాన్ని పూర్తిగా లాగడం ఎవరి తరమూ కాదు. కనీసం ఏడు రోజులు నీరు పట్టాల్సిన గచ్చుకు రోహిణి కార్తె ఎండలో మూడు రోజులు పట్టి వదిలేయడం వల్ల పగుళ్ళు మరింత పెరుగుతాయి.

పేవర్ బ్లాకుల (నేల మీద పక్కపక్కన పరిచే సిమెంటు దిమ్మల) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు కాంక్రీటు వద్దనుకున్న వారంతా వాటి వైపే చూస్తున్నారు. సరిగ్గా పరిస్తే అవి మంచివే. భారత ప్రమాణం ఐఎస్ 15658 తేలికపాటి వాహనాలు తిరిగే చోట 60 మిల్లీమీటర్ల మందపు బ్లాకులు వాడమంటుంది. చవకగా వస్తున్నాయని నడక బాటలకు వాడే 50 మిల్లీమీటర్లవి తెచ్చి కారు ఎక్కించకూడదు. కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల మందాన కంకరా రాతిపొడీ కలిపి దిమ్మిస కొట్టిన పొర, దాని మీద అంగుళానికి కాస్త మించి ఇసుక, ఆ మీద బ్లాకులు, చుట్టూ కదలకుండా పట్టి ఉంచే అంచు కట్టు ఉండాలి. ఈ అంచు కట్టును చాలామంది ఖర్చని ఎగ్గొడతారు. అప్పుడు బ్లాకులు పక్కలకు జరుగుతాయి, సందులు వెడల్పవుతాయి, వానకు ఇసుక కొట్టుకుపోతుంది, పల్లాలు పడతాయి. ఆ సందుల్లో గడ్డి లేచాక "కింద నుంచి వస్తోంది" అని ప్లాస్టిక్ షీటు వేయలేదని బాధపడతారు. నిజానికి పేవర్ల సందుల్లో కనిపించే కలుపులో చాలా భాగం పైనుంచి వచ్చినదే. గాలి తెచ్చిన దుమ్ము సందులో చేరుతుంది, రాలిన ఆకు కుళ్ళి ఎరువవుతుంది, అందులో గాలి గింజ పడుతుంది. చీమలు కింది ఇసుకను పైకి తోడి ఆ పనికి సాయం చేస్తాయి. కింద ఎంత దళసరి షీటు వేసినా ఈ గింజను అది ఆపలేదు. ఆపేది వారానికొకసారి గట్టి చీపురుతో సందుల వెంట ఊడ్వడమూ, ఏడాదికొకసారి సందుల్లో శుభ్రమైన సన్నని ఇసుక నింపడమూ. సందుల్లో సిమెంటు పాలు పోయించేవారు పేవర్లకు ఉన్న ఒక్కగానొక్క గుణాన్ని, నీటిని కిందికి దింపే గుణాన్ని, పోగొట్టుకుంటారు. ఆ పాలు కారు బరువుకు పొడిపొడిగా రాలిపోయాక గడ్డి మళ్ళీ యథావిధిగా వస్తుంది.

పార్కింగ్ టైల్స్ గురించి ఒక్క మాట చాలు: వాటికి కిందా కాంక్రీటు కావాలి, అంటే రెండు ఖర్చులు.

మందుల దారి మరీ సులభంగా కనిపిస్తుంది. ఎరువుల కొట్టులో ఏది అడిగితే అది ఇస్తారన్న ధీమాతో చాలామంది గ్లైఫోసేట్ తెచ్చి ఇంటి ముందు కొడుతున్నారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాని వాడకాన్ని అనుమతి పొందిన చీడ నివారణ నిర్వాహకులకు మాత్రమే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది; మనుషులకూ పశువులకూ ముప్పు ఉన్నందువల్లనని అందులోనే ఉంది. పైగా అది పచ్చగా ఉన్న మొక్కను చంపుతుందే కాని మట్టిలోని గింజను ముట్టదు. తర్వాతి వానకు కొత్త మొలకలు హాయిగా వస్తాయి. పారాక్వాట్ పేరెత్తడం కూడా నాకు ఇష్టం లేదు. పొరపాటున కడుపులోకి వెళితే విరుగుడు లేని విషాన్ని పిల్లలు ఆడుకునే వాకిలి కోసం ఇంట్లో పెట్టుకోవడం ఎందుకు? ఇంకొందరు కల్లుప్పు చల్లుతారు. ఉప్పు గడ్డిని చంపే మాట నిజమే, కాని వానతో కరిగి బావి నీటిలోకి దిగుతుంది, గోడ పునాదిలోని ఇనుమును తుప్పు పట్టిస్తుంది.

మరి నేను ఏం చేయమంటాను? చక్రాలు నడిచే చోట రెండు కాంక్రీటు పట్టీలు, మధ్యనా పక్కలా కంకర. ఒక్కో పట్టీ 65 సెంటీమీటర్ల వెడల్పు, మధ్యలో 80 సెంటీమీటర్ల దాకా ఎడం ఉంచితే మామూలు ఇంటి కారుకు సరిపోతుంది; వేయించే ముందు తమ కారు చక్రాల ఎడం టేపుతో కొలుచుకోవడం తప్పనిసరి. ఆరు మీటర్ల పొడవుకు రెండు పట్టీలూ కలిపి 7.8 చదరపు మీటర్లు. అదే మందానికి ఆరు బస్తాల పైచిలుకు సిమెంటుతో పని అయిపోతుంది, సగానికి పైగా నేల నీటిని తాగుతుంది. మిగిలిన జాగాలో తుంగ ఏరిన గుంతలో ముందు నేత లేని జియోటెక్స్‌టైల్ బట్ట పరవాలి. దీన్ని కలుపు బట్ట అని అమ్ముతున్నారు కాని దాని అసలు పని వేరు: వానకు మెత్తబడే మా ఎర్రమట్టిలోకి కంకర కూరుకుపోకుండా అది అడ్డు నిలుస్తుంది, నీటిని మాత్రం పోనిస్తుంది. టార్పాలిన్, పాలిథీన్ షీట్లు దీనికి బదులు కావు. వాటి మీద నీరు నిలిచి, పైనున్న కంకర బురదై, ఆ బురదలోనే కలుపు మొలుస్తుంది. బట్ట మీద దిమ్మిస కొట్టిన నాలుగంగుళాల కంకర పొర, ఆ పైన రెండంగుళాల మందాన చిప్స్, అంటే చిన్న రాతి ముక్కలు. పగలగొట్టిన కోణాల రాయే కావాలి. ఏటి గులకరాళ్ళు అందంగా ఉంటాయి కాని చక్రం కింద దొర్లిపోతాయి. టెక్కలి వైపు రాతి క్రషర్లు ఉండటం మనకు కలిసివచ్చిన సంగతే. సరిహద్దు దాటించే లోడుకు అనుమతి పత్రం ఉందో లేదో మాత్రం డబ్బు చెల్లించక ముందే చూసుకోవాలి.

కంకరలోనూ కలుపు వస్తుంది. రాదని చెప్పేవారిని నమ్మకండి. తేడా ఏమిటంటే వదులుగా ఉన్న చిప్స్‌లో మొలిచినది రెండు వేళ్ళతో వేరుతో సహా వస్తుంది, కాంక్రీటు పగులులో మొలిచినది తెగి మళ్ళీ లేస్తుంది. మృగశిర కార్తెలో తొలి వానలు పడ్డ రెండు వారాలకు ఒకసారి, కార్తీకం ముందు మరోసారి చిప్స్‌ను ఇనుప పళ్ళ పారతో గీకితే చాలావరకు సరిపోతుంది. ఈ పని ఇంట్లో ఎవరి నెత్తిన పడుతుందన్నది దాచకూడని విషయం. ఇళ్ళలో చీపురు ఎప్పుడూ ఆడవాళ్ళ చేతిలోనే ఉంటోంది, కారు తాళం మాత్రం మగవాళ్ళ జేబులో. పిన్నిగారు సిమెంటు వైపు మొగ్గడానికి పాము ఒక్కటే కారణం కాదని నాకు తెలుసు. కారు నడిపేవారే పార్కింగ్ ఊడ్చే ఏర్పాటు ఇంట్లో లేకపోతే, నా సలహా ఆమెకు ఇంకొక చాకిరీ మాత్రమే అవుతుంది.

మధ్యభాగంలో చిప్స్ కూడా వద్దనుకునేవారికి గరికనే ఉంచుకోమని చెబుతాను. కోసి కురచగా ఉంచిన గరిక వయ్యారిభామకు చోటివ్వదు, చక్రం అప్పుడప్పుడు ఎక్కినా చావదు, వినాయక చవితికి బజారులో కొననక్కర్లేదు కూడా. అయితే కారు ఎప్పుడూ నిలిచి ఉండే ఇంట్లో నీడకు గరిక పలచబడుతుంది. పగలంతా కారు బయట తిరిగే ఇళ్ళకే ఇది కుదురుతుంది. ఇంజను నూనె కారే పాత బండి ఉన్నవారు ఆ జాగాలో మొలిచిన గలిజేరు, గంగపాయల కూర కోసుకోకపోవడం మంచిది.

వాలు సంగతి మేస్త్రీకి ముందే చెప్పాలి. పట్టీలకు అరవైకి ఒకటి చొప్పున వాలు ఇస్తే ఆరు మీటర్లకు పది సెంటీమీటర్లు వస్తుంది. ఆ వాలు గేటు వైపు కాక, కుదిరితే పెరటి చెట్టు వైపుకో పక్కన తవ్విన ఇంకుడు గుంత వైపుకో ఉండాలి. ప్రహరీ అంచున మూరెడు మేర చిప్స్ లోతుగా నింపితే అక్కడ ఉత్తరేణినీ రావినీ చిన్నప్పుడే లాగేయవచ్చు.

కంకర మీద నాకు వచ్చిన అభ్యంతరాల్లో న్యాయమైనది మోటారు సైకిల్ స్టాండుది. పక్క స్టాండు చిప్స్‌లో దిగబడి బండి ఒరిగిపోతుంది, ముఖ్యంగా వానలో. దానికి బండి నిలిపే చోట అడుగు వెడల్పు నాపరాయి ముక్కనో, పాత ఇంటి గడప రాయినో చిప్స్ మట్టానికి సమంగా పాతిపెడితే సరిపోతుంది. మా ఇంట్లో విరిగిన రుబ్బురోలు పొత్రం అడుగుభాగం ఆ పని చేస్తోంది.